శనివారం కాఫీ సభకు వచ్చినావిడ

కొరిండా,
1997 జనవరి 26, ఆదివారం.

పెద్దలు ఆర్విల్ సెడ్లాచెక్ గారికి,

మార్లిస్ గ్లాంజర్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా ఆయన క్లెమ్, కొట్టంలో ఆవులూ, చలి సంగతి పక్కన పెడితే, క్షేమంగానే ఉన్నాం. మీరు అరిజోనా ఎండలో కుర్చీ వేసుక్కూర్చుని నారింజలు ఒలుచుకుంటున్నారని మీ అక్కయ్య లియోనా గారు చెప్పారు. చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో అసూయ మీరు చూసి తీరాల్సింది. వృద్ధాశ్రమంలో ఆవిడకి ఏ లోటూ లేదు. పేకాటలో అందర్నీ ఓడించి, ఆ రాత్రి వాళ్ల వాటా పుడింగు కూడా తనే తింటున్నారట. "డకోటా చలిలో పుట్టినవాడు డకోటా చలిలోనే ఉండాలి, ఆ మాట మా తమ్ముడికి రాయి" అన్నారు. రాశాను.

శాసనసభలో మీరు వదిలిన కుర్చీలో కూర్చోవడం నాకిది రెండో విడత. దాని ఎడమ చెయ్యి ఇంకా వదులుగానే ఉంది. బడ్జెట్ సమావేశాలు మొదలై రెండు వారాలైంది. పద్దుల కమిటీలో నాకూ చోటిచ్చారు, మీకు తెలుసు. ఛైర్మన్ గేలెన్ రౌష్ మొన్న గురువారం నలుగురైదుగురిని తన గదికి పిలిచి తలుపు వేశాడు. పల్లెల్లో ఉన్న చిన్న వృద్ధాశ్రమాలకి రాష్ట్రం ఇచ్చే సాయం ఈ ఏడు ఆపేస్తారట. కొరిండాలో మన ఆశ్రమం ఆ లెక్కలోకే వస్తుంది. సాయం ఆగితే వేసవి దాటదు. దానికి బదులుగా మన కౌంటీ రోడ్డు కొరిండా నుంచి పెద్ద రహదారిదాకా కొత్తగా వేయిస్తానన్నాడు. మనవాళ్లు ఎన్నేళ్లుగా అడుగుతున్న రోడ్డు అది! "చివరి ఓటింగ్ దాకా ఈ గదిలో మాట ఈ గది దాటకూడదు మార్లిస్. దాటిందా, రోడ్డు లేదు" అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. కోటు తొడుక్కుని బయటికొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. క్లెమ్‌కి కూడా.

ఇక అసలు సంగతి. నిన్న శనివారం మిల్‌బ్రాంట్ గ్రంథాలయంలో కాఫీ సభ. మీరు మొదలుపెట్టిన ఆనవాయితీయే కదా, సమావేశాలు జరిగినన్నాళ్లూ శనివారం ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ అక్కడ ఏం జరుగుతోందో జనానికి చెప్పడం. పొద్దున్నే రాజధాని నుంచి బయల్దేరాను. సగం దారిలో గాలి లేచింది. నేలమీది మంచు అంతా పైకి లేచి కారు ముందు తెల్లటి గోడ కట్టింది. రహదారికి అడ్డంగా గేటు వేసేశారు. ఒక పెట్రోలు బంకులో, నాలాగే చిక్కుకున్న లారీ డ్రైవర్ల మధ్య కూర్చుండిపోయాను. ఫోన్లు పనిచెయ్యలేదు. మధ్యాహ్నానికి గాలి తగ్గి లైను కలిస్తే గ్రంథాలయం బెర్నడీన్‌కి ఫోను చేశాను. రాలేకపోయాను, జనాన్ని కూర్చోబెట్టి ఉసూరుమనిపించాను, క్షమించమని మొదలుపెట్టబోయాను.

ఆవిడ ఫకాలున నవ్వింది. "ఏమ్మా, అప్పుడే ఇల్లు చేరావా? ఇంకా మేం కుర్చీలు కూడా సర్దలేదు!" అంది.

నాకు అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను. "అదేంటి, ఇప్పటిదాకా మాతోనే ఉన్నావుగా! గసగసాలు కూరిన తీపి బన్నులు, కొలాచీలు, నీకోసం చేయించి పెడితే ఒక్కటీ ముట్టలేదు. కాఫీ కూడా చేతిలో పట్టుకునే కూర్చున్నావు, చల్లారిపోయింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం" అంది.

ఆవిడ గొంతు తగ్గించి, "నువ్వు చెప్పింది విని సగం మంది నిన్ను తిట్టుకుంటున్నారు, సగం మంది మెచ్చుకుంటున్నారు. నేను మాత్రం మెచ్చుకున్నాను. ఆశ్రమం మూసేస్తారని ఇంత ముందుగా, మొహాన చెప్పినవాళ్లు ఎవరున్నారు? రోడ్డు ఆశ చూపించారని కూడా దాచకుండా చెప్పావు చూడు, అదీ!" అంది.

ఆర్విల్ గారూ, ఫోను నా చేతిలో ఉంది కానీ చెయ్యి నాది కాదన్నట్టు ఉంది. నేను ఏ కోటు వేసుకున్నానని అడిగాను. వెర్రి ప్రశ్నే. "నీ గోధుమరంగు కోటే, ఇంకేముంది నీకు? అసలు విప్పితేగా! అదే అనుకున్నాం తర్వాత, బయట అంత మంచు కొడుతుంటే దానిమీద ఒక్క రేకైనా లేదేంటా అని" అంది.

ఆ కోటు అప్పుడు నా ఒంటిమీదే ఉంది. భుజాలు తడిసి బరువుగా వేలాడుతోంది.

ఇంటికొచ్చేసరికి రౌష్ ఫోను. ఎవరు చెప్పారని అరిచాడు. తెలియదన్నాను. నా జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పి ఉండను, కానీ అది అబద్ధంలాగే వినిపించింది.

మీరు ఇన్నేళ్లు ఈ సభలు నడిపారు. ఇలాంటిది మీకెప్పుడైనా జరిగిందా? క్లెమ్‌కి చెబితే, "బెర్నడీన్ కళ్లజోడు మార్చుకోవాలి" అని మళ్లీ కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఆవులు ఈనే కాలం దగ్గరపడింది. ఈ రోజుల్లో ఆయనకి దూడలు తప్ప మనుషులు ఆనరు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ
మార్లిస్ గ్లాంజర్

*

కొరిండా,
ఫిబ్రవరి 16, ఆదివారం.

ఆర్విల్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మీకు అక్కడ మోకాళ్ల నొప్పి తగ్గిందంటే సంతోషం. కమిటీలో ఇంకెవరో బయటపెట్టి ఉంటారనీ, బెర్నడీన్ ఆ మంచుగాలిలో ఎవర్నో చూసి నేననుకుని ఉంటుందనీ రాశారు. నేనూ పది రోజులు అదే పట్టుకుని తిరిగాను. ఇక పట్టుకోలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదో తేదీ శనివారం కాఫీ సభ ఓస్ట్‌వాల్డ్‌లో, అగ్నిమాపక కేంద్రం హాల్లో. ఆ రోజు ఎండ కాసింది. దారి పొడిగా ఉంది. సభ మొదలవడానికి చాలా ముందే చేరాను. చేరేసరికి జనం హాల్లోంచి బయటికి వస్తున్నారు.

నా కారు చూసి ముందు డుయేన్ కుచెరా ఆగాడు. పశువుల డాక్టరు డుయేన్, మీకు బాగా తెలుసు. టోపీ వెనక్కి తోసి, "ఏం మార్లిస్, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు.

సభ అయిపోయిందా అన్నాను. "నువ్వే కదా ముందుగా రమ్మని కబురంపావు, నువ్వే ముగించావు!" అని నవ్వి, నా మొహం చూసి నవ్వాపేశాడు. "నువ్వు ఇటు గుమ్మంలోంచి వెళ్లలేదు. వెనక తలుపులోంచి వెళ్లావా? కారు ఇటు తిప్పుకొచ్చావా?" అన్నాడు. నేను తలూపాను. ఇంకేం చెయ్యను? లోపలికి వెళ్లాను. కుర్చీలు గుండ్రంగా ఉన్నాయి. ముందున్న కుర్చీ పక్కన బల్లమీద నిండు కాఫీ కప్పు. మిగతా కప్పులన్నీ ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆ ఒక్కటీ ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది.

హాలు ఊడుస్తున్న డుయేన్ భార్య ట్రూడీని మాటల్లో పెట్టి, నేను ఏం మాట్లాడానో నేనే తెలుసుకోవాల్సి వచ్చింది. అంతా సరిగ్గా చెప్పానా, ఏదైనా తడబడ్డానా అని అడిగాను. ఆవిడకి అది గర్వంలా అనిపించి ఉంటుంది. "బ్రహ్మాండంగా చెప్పావులే. ఈసారి కాగితం కూడా చూడలేదు. ఓటింగ్ ఏ రోజో చెప్పావు, ఒకే ఒక్క ఓటు తేడాతో బడ్జెట్ పడిపోతుందన్నావు. మా ఆయన ఊరుకుంటాడా, మరి నీ ఓటు ఎటు అని అడిగాడు. నువ్వేమన్నావో తెలుసా? 'దానికి మార్లిస్ సమాధానం చెప్పాలి, నేను కాదు' అన్నావు. హాలు హాలంతా నవ్వింది. నువ్వు మాత్రం నవ్వలేదు. భలే దాన్నివే!" అంది.

ఓటింగ్ తేదీ అప్పటికి ఇంకా ఎవరూ ఖాయం చెయ్యలేదు ఆర్విల్ గారూ. మొన్న బుధవారం ఖాయం చేశారు. ట్రూడీ చెప్పిన రోజే.

ఆ సభకి ముసలి ఎమిల్ విఫ్‌ని ఆశ్రమం నుంచి కూతురు రోజెలా తీసుకొచ్చిందట. ఎమిల్ చక్రాల కుర్చీలోంచే గట్టిగా, "మూసేసి నన్నెక్కడికి తోస్తారే? ఎక్కడో పేరు తెలియని ఊళ్లో, మొహం తెలియని వాళ్ల మధ్య చావమంటారా?" అని అడిగాడట. ఆ వచ్చినావిడ లేచి వెళ్లి, ఎమిల్ భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఎక్కడికీ వెళ్లరు ఎమిల్ గారూ. ఇక్కడే ఉంటారు" అందట. అంతే. ఎమిల్ ముక్కు చీదుకుని నిమ్మళించాడట. ఇంటికి తిరిగి వెళ్తున్నంతసేపూ కూతురితో వ్యవసాయం కబుర్లు చెప్పాడట.

మంగళవారం నిద్రలోనే పోయాడు. ఆశ్రమంలో, తన మంచం మీదే.

నిన్న అంత్యక్రియలకి వెళ్లాను. రోజెలా నన్ను వాటేసుకుని, "ఆ చివరి రోజుల్లో మా నాన్న భయం లేకుండా నిద్రపోయాడు మార్లిస్. ఆ పుణ్యం నీదే" అని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. నాది కాని కృతజ్ఞతని ఎలా తిరిగి ఇవ్వాలో తెలియలేదు. ఇస్తే ఆమెకి ఏం మిగులుతుంది?

ఇంకొకటి చెప్పి ఆపుతాను. ఓస్ట్‌వాల్డ్ నుంచి ఆ రోజు ఇల్లు చేరేసరికి క్లెమ్ వంటింట్లో బూట్లు విప్పుకుంటున్నాడు. నన్ను గుమ్మంలో చూసి ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నువ్వు ఇందాకే వచ్చి పైకి వెళ్లావు కదా? తలనొప్పి అన్నావు" అన్నాడు.

ఇద్దరం మెట్లెక్కాం. ఆయన ముందు, నేను వెనక. ముప్పై ఏళ్ల కాపురంలో క్లెమ్ నా ముందు నడవడం అదే మొదటిసారి. పడగ్గదిలో ఎవరూ లేరు. నా వైపు దుప్పటి ఒక మూల మడిచి ఉంది, నేను మడిచినట్టే. దిండు మీద తల ఆనిన గుంట. క్లెమ్ దాన్ని అరచేత్తో తడిమి, "చల్లగా ఉందే" అన్నాడు. ఆ తర్వాత ఆ దిండు తీసుకెళ్లి కొట్టంలో గడ్డి మీద పడేశాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. రాత్రుళ్లు మాత్రం నేను గదిలోకి వస్తే, దీపం వెలిగించి నా మొహంలోకి ఒకసారి చూస్తున్నాడు. దాన్ని భరించడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

రౌష్ నాతో మాట్లాడటం మానేశాడు. కానీ రోడ్డు ఇంకా ఉందని కబురు పంపాడు. నోరు మూసుకుని, బడ్జెట్‌కి ఔనంటూ పచ్చ బొత్తాం నొక్కితే చాలట. నాకు రోడ్డు కావాలి ఆర్విల్ గారూ. అంబులెన్సు ఆ గుంతల్లో ఎలా పోతుందో మీకు చెప్పాలా? ఆశ్రమమూ కావాలి. రెంటిలో ఒకటి కోరుకోమంటే నా నోట మాట రావట్లేదు. నా నోట రాని మాట ఎవరో నా నోటితోనే ఊరూరా చెబుతున్నారు.

ఏం చెయ్యమంటారు? తొందరగా రాయండి.

మీ
మార్లిస్

*

రాజధాని నుంచి,
మార్చి 6, గురువారం.

ప్రియమైన ఆర్విల్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం రాజధానిలో అద్దెకున్న ఈ ఇంటికే వచ్చింది. ఇంటావిడ మిసెస్ ఓస్ మెట్ల కింద పెట్టి ఉంచింది. మీరు పెద్దగా ఏమీ రాయలేదు. ఒక్క ప్రశ్న రాశారు. "ఆ వచ్చినావిడ ఎవరో నాకు తెలియదు. కానీ ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఏదైనా ఉందా? లేకపోతే నీ గొడవ ఆవిడతో కాదు" అని. ఆ కాగితం మడత విప్పి ఎన్నిసార్లు చదవడం జరిగిందో, మడత దగ్గర చిరుగు పట్టింది.

అంతా బాగానే జరిగింది. మీరు నిశ్చింతగా ఉండండి. లియోనా గారు క్షేమం.

మార్చి మొదటి శనివారం ఆఖరి కాఫీ సభ. కొరిండాలో, ఆశ్రమం ముందు గదిలోనే పెట్టారు. ఈసారి ఎవరూ ముందుగా రాకుండా, పొద్దున పనిమనుషులు నేల తుడిచే వేళకే వెళ్లి కూర్చోవడం జరిగింది. ఒకావిడ చక్రాల కుర్చీలు తోసుకుంటూ, "ఏమ్మా మార్లిస్, మాతోబాటు గంజి కూడా తాగుతావా?" అని వేళాకోళం ఆడింది. తాగింది కూడా, ఒక గిన్నెడు, వేడివేడిగా, పైన గోధుమరంగు చక్కెర చల్లుకుని. కాఫీ ఒక కప్పు, ఇంకో కప్పు.

జనం నిండారు. ఓస్ట్‌వాల్డ్ నుంచి డుయేన్, ట్రూడీ వచ్చారు. మిల్‌బ్రాంట్ నుంచి బెర్నడీన్ కొలాచీలు పట్టుకొచ్చింది. రోజెలా నల్లబట్టల్లో గోడ పక్కన నిలబడింది. లియోనా గారు కిటికీ దగ్గర తన కుర్చీలో. మాట్లాడటం మొదలైంది. బడ్జెట్లో ఏముంది, ఏం పోతోంది, రౌష్ గదిలో ఏం జరిగింది, రోడ్డు ఎందుకు ఇస్తానన్నాడు, అంతా వరసగా వచ్చింది. కొత్త మాట ఒక్కటి లేదు. ఊరంతా ఇదివరకే విన్నదే. అయినా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

డుయేన్ మళ్లీ అదే అడిగాడు. "అదంతా సరే మార్లిస్. నీ ఓటు ఎటు?"

ఇంకా తెలియదని జవాబు. వెనక ఎవరో ఛీ అన్నారు. లియోనా గారు వెంటనే తిరగబడ్డారు. "ఛీ అన్నవాడు ఎవడ్రా? తెలియదని చెప్పే నాయకుణ్ని నీ జన్మలో చూశావా? మా తమ్ముడు కూడా ఎప్పుడూ అనలేదు ఆ మాట. తెలియకపోయినా తెలుసన్నట్టు మొహం పెట్టేవాడు!" అన్నారు. అందరూ నవ్వారు. మీరు కోపం తెచ్చుకోకండి.

నవ్వులు తగ్గుతుండగా లియోనా గారు కిటికీలోంచి చూస్తూ, మామూలుగా, వాన వస్తోందని చెప్పినంత మామూలుగా, "మార్లిస్, నీ కార్లో కూర్చున్నదెవరే?" అని అడిగారు.

కిటికీ దగ్గరున్నవాళ్లు తిరిగి చూశారు. కారు ఆవరణలో గోడ పక్కన ఉంది, ఇంజను గడ్డకట్టకుండా వేడిచేసే కరెంటు తీగ తగిలించి. ముందు సీట్లో గోధుమరంగు కోటులో ఒకామె కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కాస్త ఇటు వంచి, వినేవాళ్లు వంచినట్టు. కారు అద్దాలన్నిటికీ లోపల ఊపిరి ఆవిరి పట్టి తెల్లబడతాయి కదా ఆ చలిలో. ఆ అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. బెర్నడీన్ చేతిలో పళ్లెం కింద పడింది. రోజెలా మాత్రం అటు చూస్తూ నెమ్మదిగా చెయ్యెత్తి, ఎవరికైనా వీడ్కోలు చెబుతున్నట్టు ఊపింది.

డుయేన్ పరిగెత్తాడు. కారు తలుపు తాళం వేసే ఉంది. లోపల ఎవరూ లేరు. ఆవరణలో కొత్త మంచు మీద అతని అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

ఆ తర్వాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మన మనుషుల తత్వం మీకు తెలుసు. కాఫీ ఇంకో విడత పోశారు. పగిలిన పళ్లెం ఊడ్చారు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ వచ్చి మార్లిస్ చెయ్యి గట్టిగా, అవసరం కంటే కాస్త ఎక్కువసేపు పట్టుకున్నారు, వేడి చూసుకుంటున్నట్టు.

ఇక శుక్రవారం ఓటింగ్. సభ ఉదయమే కూడింది. తూర్పు కిటికీల్లోంచి వచ్చే వెలుతురు మంచు మీంచి కొట్టి పైకప్పు తెల్లగా మెరుస్తోంది. రౌష్ లేచి పద్దు చదివాడు. మధ్యలో ముసలి హార్లన్ టిబ్స్ చెవి యంత్రం కీచుమని కూసింది. అందరూ నవ్వారు, రౌష్ తప్ప. చర్చ కాసేపే. అందరికీ లెక్క తెలుసు. గెలుస్తామని రౌష్‌కి నమ్మకం. అతను కూర్చుంటూ వెనక్కి తిరిగి మార్లిస్ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. రోడ్డు ఉంది.

స్పీకర్ ఓటు వెయ్యమన్నాడు. గోడమీద బోర్డులో పేర్లు ఒక్కొక్కటే వెలగడం మొదలైంది. పచ్చ, పచ్చ, ఎరుపు, పచ్చ. గ్లాంజర్ అన్న పేరు పక్కన చాలాసేపు ఏమీ వెలగలేదు. వదులైన ఆ కుర్చీ చెయ్యి కిర్రుమంటోంది. బొత్తాలు చల్లగా ఉన్నాయి, ఆ గదిలో ఏ వస్తువూ అంత చల్లగా లేదు. చెయ్యి పచ్చ బొత్తాం మీద ఆగింది. అప్పుడు ఎమిల్ గొంతు గుర్తొచ్చిందో, లియోనా గారి పేకముక్కలు గుర్తొచ్చాయో, అదేమీ కాదో. చెయ్యి జరిగింది. పేరు ఎర్రగా వెలిగింది.

ఒక్క ఓటు తేడాతో బడ్జెట్ పడిపోయింది.

సభలో ఒక్కసారిగా గోల. రౌష్ వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "రోడ్డు మర్చిపో. కమిటీ మర్చిపో. నేనున్నంత కాలం నీ కౌంటీకి ఒక్క బండెడు కంకర రాదు" అన్నాడు. మార్లిస్ లేచి నిలబడి, "కంకర లేకుండా చాలాకాలంగా బతుకుతున్నాం గేలెన్. అలవాటే" అంది. హార్లన్ టిబ్స్ పక్క కుర్చీలోంచి, ఏం జరిగిందో సగమే విని, చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం పద్దు మళ్లీ కమిటీకి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చిన్న ఆశ్రమాల సాయం అందులో ఉంది. నిరుటంత లేదు, కానీ ఉంది. కొరిండా ఆశ్రమం ఈ ఏడు మూతపడదు. లియోనా గారు కిటికీ దగ్గర తన కుర్చీలోనే ఉంటారు. రోడ్డు రాదు. ఈ వేసవిలో గుంతల మీద జనం తిట్టుకుంటారు, వచ్చే ఎన్నికల్లో కొందరు అదే గుర్తుపెట్టుకుంటారు. మెట్లు దిగి బయటికొస్తే రోజెలా అంత దూరం నుంచి వచ్చి చలిలో నిలబడి ఉంది. తన చేతి ఉన్ని తొడుగులు తీసి మార్లిస్ చేతులకి తొడిగింది.

ఇదీ జరిగింది. మీ మోకాళ్లు జాగ్రత్త. ఎండలో ఎక్కువసేపు కూర్చోకండి.

మీ మేలు కోరే,

తా.క.: ఉత్తరం మడవబోతూ పైన వేసిన తేదీ చూశాను. మీరూ చూసే ఉంటారు. ఈరోజు గురువారం. ఓటింగ్ రేపు. ఇప్పుడింకా సాయంత్రమే, కింద మిసెస్ ఓస్ రాత్రి భోజనానికి బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. అయినా రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కల్పన కాదు ఆర్విల్ గారూ, రేపటివి కూడా అన్నీ చూసినవే. మీకు మొదటి రెండు ఉత్తరాలూ రాసింది మార్లిస్. ఇది రాస్తున్నది నేను. ఆ శనివారం ఆశ్రమంలో మాట్లాడింది తనే. నేను బయట కార్లో కూర్చుని విన్నాను. చక్కగా మాట్లాడింది. ఇప్పుడు నా వెనక మంచం మీద, బూట్లు కూడా విప్పకుండా, మీ కాగితం చేతిలో పట్టుకునే నిద్రపోతోంది. రేపు ఏం చెయ్యాలో తనకింకా తెలియదు, ఏడ్చి ఏడ్చి పడుకుంది. లేపను. నేను ఊరూరా తిరిగి చెప్పగలను కానీ ఆ బొత్తాం నొక్కలేను, నా వేళ్లకి అది దిగదు. అది తనే చెయ్యాలి, చేస్తుంది. ఆ తర్వాత నేను రావాల్సిన పని ఉండదు. ఆదివారం కూర్చుని తను ఇదంతా మీకు మళ్లీ రాస్తుంది, పొంగిపోతూ, తడబడుతూ, కొట్టివేతలతో. దయచేసి కొత్తగా వింటున్నట్టే వినండి.